గోడకెక్కిన బొమ్మలు: హరిపుర, ‘మాలపిల్ల’, 1938

సూరత్ జిల్లాలోని బార్డోలీ అనగానే 1928 నాటి భూమిశిస్తు సత్యాగ్రహం, వల్లభభాయి పటేలుకు దక్కిన ‘సర్దార్’ బిరుదం స్ఫురిస్తాయి. 22 శాతం శిస్తు పెంపును ప్రతిఘటించిన ఆ ఉద్యమానికి చరిత్ర గ్రంథాలలో సముచిత స్థానమే లభించింది. ఆ తాలూకా సమాజాన్ని రంగు పేరిట రెండుగా చీల్చిన మాటలు మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు. భూవసతి గల పాటీదార్లు మొదలైనవారు ‘ఉజళీపరజ్’, అనగా తెల్లని జనం. దుబ్లా, చౌధరీ మొదలైన ఆదివాసులు ‘కాళీపరజ్’, అనగా నల్లని జనం. పెళ్ళి ఖర్చులకు రైతు వద్ద అప్పు చేసిన దుబ్లా యువకుడు ఆ అప్పు తీరక, భార్యతో సహా ఆ రైతు పొలానికే కట్టుబడిపోయేవాడు. దీనిని ‘హాళీ’ పద్ధతి అనేవారు. తెలుగు పల్లెలలోని పాలేరుతనానికి, వెట్టికి ఇది దగ్గరి చుట్టమే. 1920వ దశకంలో గాంధేయులు కాళీపరజ్‌కు బదులుగా ‘రానీపరజ్’, అనగా అడవి జనం, అన్న పేరును వ్యాప్తిలోకి తెచ్చారు. పేరు మారినంత సులభంగా బతుకు మారలేదు.

ఈ బార్డోలీ ప్రాంతంలోనే, తపతీ తీరాన గల హరిపురలో 1938 ఫిబ్రవరిలో 51వ కాంగ్రెసు మహాసభ జరిగింది. అధ్యక్షుడు సుభాష్‌చంద్ర బోసును 51 ఎడ్లు లాగిన రథంపై ఊరేగించారు. సభాప్రాంగణమైన విఠ్ఠల్‌నగర్‌ను అలంకరించడానికి గాంధీజీ శాంతినికేతనం నుంచి నందలాల్ బోసును పిలిపించారు. నందలాల్, ఆయన సహచరులు, శిష్యులు కలసి చేతికాగితంపై సుమారు 400 చిత్రాలు సిద్ధం చేశారు. డోలు వాయించేవాడు, దుక్కి దున్నేవాడు, వడ్లు దంచే స్త్రీలు, మల్లులు, వేటగాడు అందులోని పాత్రలు. దేవతలూ రాజులూ కాక, శ్రమ చేసే మనుషులు సభాద్వారాల మీద నిలిచారు. ఆ బొమ్మలలో ఎవరి కులమూ చెప్పలేదు. అది చిత్రకారుని ఔదార్యమని మెచ్చుకోవచ్చు. హాళీల గడ్డ మీద అది ఒక మౌనం కూడా.

అదే సంవత్సరం తెలుగుగోడలు మౌనం వీడాయి. ‘ప్రజామిత్ర’ సంపాదకుడైన గూడవల్లి రామబ్రహ్మం సారథి ఫిలిమ్స్ పక్షాన ‘మాలపిల్ల’ చిత్రాన్ని విడుదల చేశారు. కథ చలానిది, సంభాషణలు తాపీ ధర్మారావువి, కథానాయిక కాంచనమాల. తిరువాన్కూరు ఆలయ ప్రవేశ ప్రకటన వెలువడి అప్పటికి రెండేళ్ళే. బొంబాయి టాకీసు వారి ‘అచ్ఛుత్ కన్యా’ కూడా 1936లోనే వచ్చింది. అయితే ఆ పేరు తెలుగువారికి పరభాషాపదం. ‘మాలపిల్ల’ అట్లా కాదు. ఊరివారు ఈసడింపుగా పలికే మాట పెద్ద అక్షరాలలో ప్రకటనలకెక్కి, నాయిక పేరుగా నిలిచింది. సినిమా చూడనివారు సైతం ఆ మాటను చదవక తప్పింది కాదు. ప్రచార చరిత్రలో ఇంతకు మించిన సాహసం అరుదు.

వర్ణవివక్ష ఇతివృత్తంగా హాలీవుడ్ తీసిన నాటకీయ చిత్రాల గోడపత్రికలను సేకరించేవారు నేడు అమెరికాలో ఉన్నారు. అక్కడి సేకర్తలు ఎదుర్కొనే చిక్కులలో ఒకటి ‘పింకీ’ (1949) వంటి చిత్రం. అందులో నల్లజాతి యువతి పాత్రను ధరించినది జీన్ క్రెయిన్ అనే శ్వేతజాతి నటి. ‘అచ్ఛుత్ కన్యా’లోని అస్పృశ్య బాలిక పాత్ర టాగోర్ల బంధుకుటుంబంలో పుట్టిన దేవికారాణిది. కనుక పాత గోడపత్రిక బొమ్మను మాత్రమే కాదు, ఆ బొమ్మలో ఎవరికి చోటు దక్కలేదో కూడా చెబుతుంది.

హరిపుర చిత్రాలలో అనేకం న్యూఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలకు చేరి భద్రపడ్డాయి. సినిమా కాగితాలకు అటువంటి అదృష్టం పట్టలేదు. జిగురు పూసి అంటించిన కాగితంపై మరుసటి వారం మరొకటి పడేది. మిగిలినది వానకు, ఎండకు, పశువులకు. 1964లో పుణేలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండారం పోస్టర్లను, పాటల పుస్తకాలను సేకరించేనాటికి ‘మాలపిల్ల’ వచ్చి పాతికేళ్ళు దాటింది.

దొరికిన కాగితానికి కాలనిర్ణయం చేయడమూ కష్టమే. విడుదల సంవత్సరం వేయని పోస్టర్లు ఎన్నో. అప్పుడు ఆధారం అడుగున సన్నని అక్షరాలలో ఉండే ముద్రణాలయం పేరు, ఊరు. 1867 నాటి చట్టం ముద్రాపకులపై విధించిన నియమమిది. చట్రంలో అందంగా ఇమడాలని చాలామంది మొదట కత్తిరించి పారవేసేది ఆ అంచునే.