దౌలత్ బేగ్ ఓల్డీ: గాలి చాలని విమాన క్షేత్రం

విమానాన్ని మోసేది గాలి. మరి ఆ గాలే చాలకపోతే? లడఖ్ ఉత్తర కొసన మన వాయుసేనకు ఈ ప్రశ్నే ఎదురైంది. దక్షిణ భారతంలో అన్నిటికన్నా ఎత్తయిన ఆనముడి శిఖరం 2,695 మీటర్లు. దానికి దాదాపు రెట్టింపు ఎత్తున, సుమారు 5,065 మీటర్ల దగ్గర, ఒక చదునైన మట్టినేల ఉంది. దాని పేరు దౌలత్ బేగ్ ఓల్డీ.

లేహ్ నుంచి కారకోరం కనుమ మీదుగా యార్కండ్‌కు వెళ్లే వర్తకుల బిడారులు ఒకప్పుడు ఇక్కడ మజిలీ చేసేవి. తుర్కీ భాషలో ‘ఓల్డీ’ అంటే ‘చనిపోయాడు’ అని అర్థం. దౌలత్ బేగ్ అనే పెద్దమనిషి కన్నుమూసిన చోటన్నమాట. పేరు పెట్టినవారికి ఆ చోటి సంగతి బాగానే తెలుసు!

1962 నాటికి చైనాతో సరిహద్దు తగాదా ముదిరింది. అక్కడి కాపలా దళాలకు రోడ్డు లేదు. పారాచూట్లతో సరుకులు జారవిడవవచ్చు, నిజమే. కాని జబ్బుపడిన జవానును పారాచూట్‌తో పైకి లాగలేం కదా! అంత ఎత్తున ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే జబ్బు పట్టుకుంటే, రోగిని త్వరగా కిందికి చేర్చడమే అసలు వైద్యం. కాబట్టి విమానం అక్కడ దిగాలి, దిగి మళ్లీ లేవాలి. అంతకుముందు 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ లేహ్‌లో డకోటా విమానాన్ని దించిన మాట వాస్తవమే. అయితే లేహ్ ఎత్తు సుమారు 3,250 మీటర్లు మాత్రమే.

ఆ తేడా ఎంతటిదో చూడండి. సముద్ర తీరంలో ఒక ఘనపు మీటరు గాలి 1.2 కిలోలు తూగుతుంది. ఓల్డీలో సుమారు 0.7 కిలో. పలుచని గాలిలో రెక్కలు అదే బరువును మోయాలంటే విమానం మరింత వేగంగా పోవాలి. తీరప్రాంతంలో గంటకు 180 కిలోమీటర్ల వేగంతో నేలను తాకే విమానం ఉందనుకోండి. అదే బరువుతో ఓల్డీలో దాదాపు 235 కిలోమీటర్ల వేగంతో తాకుతుంది. దాన్ని ఆపవలసింది గులకరాళ్ల నేల మీద! పత్రికలు దిగడాన్నే గొప్పగా రాస్తాయి గాని, నా దృష్టిలో లేవడమే అసలు పరీక్ష. ఎక్కువ వేగం అందుకోవాలి, ఇంజనుకేమో ఊపిరాడదు. పిస్టన్ ఇంజనులోకి గాలిని కుక్కి పంపే ఏర్పాటు ఉన్నా, ఒక ఎత్తు దాటాక దాని శక్తి తగ్గిపోతుంది.

అప్పుడు మన దగ్గరున్నది రెండు పిస్టన్ ఇంజన్ల అమెరికన్ ప్యాకెట్ విమానం. దానికి దొరికిన ఉపాయం చూడడానికి కాస్త వింతగా ఉంటుంది: విమానం వీపు మీద ఒక జెట్ ఇంజనును బిగించారు. పలుచని గాలిలో జెట్ బలమూ తగ్గుతుంది. అయినా లేచే వేళ ఆ అదనపు తోపే ప్రాణాధారం. 1962 జులై 23న స్క్వాడ్రన్ లీడర్ సి.కె.ఎస్. రాజే ప్యాకెట్‌ను ఓల్డీలో దించారు. అంత ఎత్తున విమానం దిగడం ప్రపంచంలోనే ఒక రికార్డు.

1965 తర్వాత విమానాలు దిగడం ఆగిపోయింది. ఎంతకాలం? 43 ఏళ్లు! 2008 మే 31న ఏఎన్-32 దిగింది. వేడి ప్రదేశాల్లో, ఎత్తయిన చోట్ల పనిచేసేందుకు ఎక్కువ శక్తిగల టర్బోప్రాప్ ఇంజన్లు అమర్చిన రకమిది. పశ్చిమ వాయుసేన కమాండ్ అధిపతి ఎయిర్ మార్షల్ పి.కె. బర్బోరా స్వయంగా అందులో ప్రయాణించారు. 2013 ఆగస్టు 20న నాలుగు ఇంజన్ల సి-130జె కూడా దిగింది. ఆ తర్వాత దర్బుక్ నుంచి ష్యోక్ మీదుగా 255 కిలోమీటర్ల రోడ్డు 2019లో పూర్తయింది. సరుకులకు ఇప్పుడు ఆ దారి ఉంది. రోగికి మాత్రం గంటల తరబడి కొండదారి కన్నా విమానమే మేలు.

ఇంజన్లు ఎంత మారినా గాలి మారలేదు. ఎండెక్కే కొద్దీ అది ఇంకా పలచబడుతుంది, ఈదురుగాలులూ మొదలవుతాయి. అందుకే లడఖ్‌లో పైలట్లకు తెల్లవారుజామున లేవడమే ఇష్టం.