మీటలేని మీటచాకులు

ఒక వస్తువువలన కలుగు భయమునకు కారణము దాని రూపమా, దాని పనియా, దానిని పట్టిన చేయియా యను ప్రశ్న శాసనకర్తలను చిరకాలమునుండి బాధించుచున్నది. ఈ ప్రశ్నను విచారించుటకు మిక్కిలి చిన్న వస్తు వొకటి చాలునని మేము తలంచుచున్నాము. అమెరికా, ఐరోపా ఖండములలో పాతవస్తువులను సేకరించువారు కొందరు, చూపునకు మీటచాకువలె నుండియు మీట లేనట్టి మడతచాకులను వెదకి కొని దాచుకొనుచున్నారు. ఈ వింత యభిరుచి వెనుక ఒక పట్టణపు వృత్తిచరిత్రయు, ఒక దేశపు భయచరిత్రయు నున్నవి.

మీటచాకనగా నేమో మొదట చెప్పవలెను. దాని పిడిలోపల బిగువైన యుక్కుబద్ద యొకటి యుండును. చాకును మడిచినప్పుడు అలుగు ఆ బద్దను వంచి పిడిలో నణగియుండును. మీట నొక్కగానే పట్టు వదలి, బద్ద సాగి, అలుగును ఒక్క గంతున బయటికి నెట్టును. పోలికచాకులో ఈ తోపు లేదు. అలుగును వ్రేళ్లతో పట్టియో, దానిమీది గాడిలో గోరుంచియో లాగి విప్పవలెను. తక్కిన సన్నని పొడవైన పిడి, పిడిచివరలనుండు తెల్లలోహపు తొడుగులు, వ్రేళ్లు జాఱకుండ నడ్డముగా నుండు కొమ్ములు, సూదివంటి మొన, అన్నియు మీటచాకువే.

ఈ రూపమునకు ఇటలీవారి పేరు స్టిలెట్టో. దీనికి మూలము లాటినుభాషలోని స్టిలుస్ అను పదము. ప్రాచీనరోమకులు మైనపు పలకలపై వ్రాయుటకు వాడిన గంటమున కది పేరు. మన పూర్వులు తాటాకులపై వ్రాసిన గంటమునకు దాయాదియైన సాధనముపేరే కాలక్రమమున పొడుచు నాయుధమునకు సంక్రమించినది.

ఇటలీ యీశాన్యభాగమున ఫ్రియులీ ప్రాంతమందలి మనియాగో పట్టణ మీ పనికి పేరుపొందినది. వెనీసు ప్రభుత్వకాలమున, 1453వ సంవత్సరప్రాంతమున, అచ్చటివారు కోల్వెరా యేటినీటిని కాలువగా మళ్లించి దానిచే కమ్మరిసుత్తులను నడిపిరి. మొదట సేద్యమునకును వడ్రంగమునకును కావలసిన పనిముట్లు చేసి, పిదప చాకుల పనిలో ఆఱితేఱిరి. ఆ వృత్తిచరిత్రను చూపు ప్రదర్శనశాల యొకటి నేడును ఆ యూర నున్నది. అమెరికాలో జార్జి ష్రేడ్ అనునాతడు 19వ శతాబ్దాంతమున మీటచాకునకు పేటెంటు పొందెను. 1904లో ఆ కుటుంబపు కంపెనీ న్యూయార్కు రాష్ట్రమందలి వాల్డెన్‌లో వెలసెను. ఆ దినములలో మీటచాకు ఒకచేతితో విప్పుకొనుటకు వీలైన పనిముట్టుగానే యమ్ముడుపోవుచుండెను.

రెండవ ప్రపంచయుద్ధమునుండి మరలిన అమెరికా సైనికులు ఇటలీ చాకులను ఇంటికి తెచ్చుకొనిరి. వెనువెంట దిగుమతులును పెరిగెను. 1950లో ఉమన్స్ హోమ్ కంపేనియన్ అను గృహిణుల పత్రిక, చంపెడి యాటవస్తువను నర్థము వచ్చు శీర్షికతో మీటచాకును గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. నగరములందలి బాలుర ముఠాలను గూర్చిన కలవరము హెచ్చినకొలది ఈ చాకు ఆ ముఠాలకు గుర్తయ్యెను. 1957లో వచ్చిన ట్వెల్వ్ యాంగ్రీ మెన్ చలనచిత్రములో ఒక బీదబాలుని ప్రాణము అట్టి చాకు సాక్ష్యముపై వ్రేలాడును. అట్టిది మఱియొకటి యుండదని తక్కినవారు నమ్మియుండగా, జ్యూరీసభ్యు డొకడు తాను అంగడిలో కొన్న జోడుచాకును బల్లపై గ్రుచ్చును.

1958 ఆగస్టు 12వ తేదీన వచ్చిన సమాఖ్యశాసనము మీటచాకుల దిగుమతిని, రాష్ట్రములమధ్య వ్యాపారమును నిషేధించెను. మఱుసటియేడు బ్రిటనును అట్టి శాసనమునే చేసెను. అమెరికా శాసనములో ఒక మినహాయింపు గమనింపదగినది: ఒంటిచేయిగలవాడు మూడంగుళములకు మించని యలుగుగల మీటచాకును వెంట నుంచుకొనవచ్చును. అనగా అది కొందరికి ఉపకారియైన పనిముట్టని ఆ శాసనమే యొప్పుకొన్నది గదా!

నిషేధము బద్దకు, మీటకు సంబంధించినదే గాని రూపమునకు కాదు. కావున అదే రూపమున చేతితో విప్పెడి చాకులు అంగళ్ల కెక్కెను. నేటి సేకర్తలు వెదకునవి ఇవియే. మొదటినుండి చేతితో విప్పుటకే చేసినదా, మీటచాకునుండి బద్ద తీసివేసినదా యని వారు పరీక్షింతురు. పిడిలో ఉత్తరంధ్ర మున్నచో గుట్టు బయటపడును. పిడి కొమ్ముదా, ప్లాస్టికుదా, అలుగు సానపట్టి సానపట్టి సన్నగిల్లినదా యని చూతురు. పరదేశపు సరకుపై దేశము పేరుండవలెనని 1890లో అమెరికా సుంకశాసనము విధించినది గనుక, అలుగు మొదటనున్న ఇటలీ యను ముద్రయు వారి కొక యాధారము.

ఇది వట్టి వినోదమే యైనచో మే మింత వ్రాయనక్కఱ లేదు. న్యూయార్కు రాష్ట్రములో, మణికట్టు విసరిన తెఱచుకొను చాకులను నిషేధించిన మఱియొక శాసనముండెను. దానిక్రింద పనికై సామాన్యపు మడతచాకు దాల్చిన కూలివారనేకులు పట్టుబడిరి; వారిలో నల్లవారును, లాటిను అమెరికా సంతతివారును ఎక్కువ. తుదకు 2019లో ఆ నిషేధము రద్దయ్యెను. బాలురు వీథులపాలగుటకు పేదఱికమా, నిరుద్యోగమా, బడిలేమియా కారణమని విచారించుట కష్టము. చాకును నిషేధించుట సులభము. సులభమైన పని చేసి కష్టమైనదానిని మఱచిన సంఘమునకు ఈ మీటలేని చాకు మూగసాక్షి.

కొనదేఱిన యలుగు మీటతో వచ్చినను గోటితో వచ్చినను కోయక మానదు. కావున సేకరించువారు దానిని పిల్లల కందకుండ తాళమువేసి యుంచుట యుక్తము. ఇక శాసనములను కోరెడి మనము, ఏ వస్తువును జూచి భయపడితిమో దానిని మాత్రమే గాక, ఏ మనుష్యులను జూచి భయపడితిమో దానినిగూడ ముందుగా విచారించుకొనవలెను.