ఏనుగు గున్నకు డబ్బాపాలు

తల్లి పోయిన ఏనుగు గున్న కనబడితే ఎవరికైనా ముందు తోచేది కాసిన్ని ఆవుపాలు పట్టడమే. అది ఆకలిమీద ఆబగా తాగేస్తుంది కూడా. కొద్దిరోజుల్లో విరేచనాలు పట్టుకుంటాయి, ఒంట్లో నీరంతా పోతుంది, చెంపలు పీక్కుపోతాయి, చివరికి ప్రాణం పోతుంది. జంతువుల వ్యాపారులు, సర్కసుల వాళ్ళు, అడవి బంగళాల దొరసానులు చాలామంది ఇదే చేసి ఇదే చూశారు. పుట్టినప్పుడే సుమారు 100 కిలోలు తూగే ప్రాణి పాల దగ్గర మాత్రం మహా సున్నితం. ఇంకా మేత మొదలెట్టని ఆఫ్రికా ఏనుగు గున్నను మనిషి పెంచి పెద్ద చేయగలడని తేలేసరికి 1980లు ముగింపుకొచ్చాయి.

ఏనుగుతో మన పరిచయం ఎంత పాతదో తలుచుకుంటే ఈ ఆలస్యం వింతగా ఉంటుంది. ఏనుగును వేసవిలో పట్టాలని, ఇరవై ఏళ్ళ వయసుదైతే మేలని అర్థశాస్త్రం చెబుతుంది. పట్టకూడనివి ఏవో కూడా చెబుతుంది: పాలు తాగే గున్న, జబ్బుపడ్డది, చూడి ఏనుగు, పాలిచ్చే తల్లి. ఇది దయతో పెట్టిన నియమం అనుకోను. రాజుకు కావలసింది యుద్ధానికి పనికొచ్చే ఏనుగు. గున్నను పట్టుకొస్తే మేత ఖర్చు పదిహేనేళ్ళు, చేతికొచ్చే పని సున్నా. గజవైద్యానికి ఆదిగురువని చెప్పే పాలకాప్యుడు ఏనుగుల మధ్యే పెరిగాడని కథ. మనిషి బిడ్డను ఏనుగులు పెంచిన కథ మనకు ఉందన్నమాట. ఏనుగు బిడ్డను మనిషి పెంచే విద్య మాత్రం ఎవరికీ అవసరం పడలేదు.

ఆ అవసరం తుపాకీతో వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ జూలకూ సర్కసులకూ జంతువులు సరఫరా చేసిన హాంబర్గ్ వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ లాంటివాళ్ళకు ఆఫ్రికా నుంచి గున్నలు ఎక్కువగా ఎలా వచ్చేవంటే, తల్లిని చంపితే వచ్చేవి. తల్లి దంతం ఒక బేరం, బిడ్డ ఇంకో బేరం. దారిలో ఎన్ని చచ్చినా మిగిలినవాటితో లాభం గిట్టేది కాబట్టి పాల సంగతి గురించి ఎవరూ బుర్ర బద్దలుకొట్టుకోలేదు.

అలా బుర్ర బద్దలుకొట్టుకున్న మనిషి కెన్యాలో పుట్టి పెరిగిన డాఫ్నీ షెల్డ్రిక్. ఆమె భర్త డేవిడ్ సావో తూర్పు జాతీయ వనానికి మొదటి వార్డెన్. వోయి ఊరి దగ్గర వాళ్ళ ఇంటి పెరట్లో దిక్కులేని అడవి జంతువులు ఎప్పుడూ ఉండేవి. అడవి దున్న, ఖడ్గమృగం, జింక ఏది వచ్చినా ఆమె పెంచింది. కాస్త మేత మొదలెట్టిన ఏనుగు పిల్లలు కూడా బతికాయి. ఎలినార్ అనే ఏనుగు పిల్ల అలాంటిదే. ఎటొచ్చీ పాలు మానని గున్నల దగ్గరే చెయ్యి తిరగలేదు. 1970-71 కరువులో సావోలో దాదాపు 6,000 ఏనుగులు చచ్చిపోయాయి. వాటిలో ఎక్కువ తల్లులూ పిల్లలే. చంటిపిల్ల ఉన్న తల్లి నీటిని వదిలి దూరం పోలేదు, నీటి చుట్టుపక్కల గడ్డి ముందే అయిపోతుంది. మగ ఏనుగులకు ఆ లంకె లేదు కాబట్టి దూరంగా పోయి బతికిపోయాయి.

చిక్కంతా పాలలోని కొవ్వులో ఉంది. ఆవు వెన్న గున్న పేగులకు పడదు. ఏనుగు పాలలో కాప్రిక్, లారిక్ ఆమ్లాలున్న కొవ్వు ఎక్కువ. లారిక్ ఆమ్లం మనకు దండిగా దొరికేది కొబ్బరిలో. డాఫ్నీకి ప్రయోగశాల లేదు. చంటిపిల్లల డబ్బాపాలు రకరకాలు తెప్పించి, ఒకటి పోతే ఇంకొకటి కలిపి చూస్తూ పోయింది. చివరికి వెన్న తీసేసి దాని బదులు కొబ్బరి కొవ్వు కలిపిన పాలు ఆయిషా అనే గున్నకు పడ్డాయి. అది 1970ల మధ్యకాలం. ఆయిషా బొద్దుగా తయారైంది, ఆరు నెలలకు వచ్చింది.

అప్పుడు డాఫ్నీ పెద్దకూతురి పెళ్ళి వచ్చింది. గున్నను ఇంకొకరికి అప్పగించి ఆమె కొన్నాళ్ళు నైరోబీ వెళ్ళింది. ఆయిషా పాలు ముట్టడం మానేసింది. డాఫ్నీ తిరిగొచ్చేసరికి చివరి దశలో ఉంది, ఆమె చేతుల్లోనే పోయింది. పాలు అవే, కొలతలు అవే. ఆ గున్నకు ఈ లోకంలో ఉన్నది ఒకే ఒక్క మనిషి, ఆ మనిషి కనబడకుండా పోయింది. ఏనుగుల మందలో పిల్లకు తల్లితో పాటు అక్కలు, పిన్నులు, అమ్మమ్మ ఉంటారు. ఒకరు పక్కకు తప్పుకుంటే ఇంకొకరు తొండం వేస్తారు. డాఫ్నీ తన ప్రేమతో తెలియకుండానే ఆ గున్నకు ఒంటిస్తంభం మేడ కట్టింది.

1977లో డేవిడ్ హఠాత్తుగా చనిపోయాడు. ఆయన పేరిట ట్రస్టు ఏర్పడింది. ఆమె నైరోబీ జాతీయ వనం అంచుకు మారింది. 1987లో రెండు వారాల వయసులో మసాయి మారా నుంచి వచ్చిన ఓల్మెగ్ అనే గున్న ఆ పాలతోనే గట్టెక్కింది. ఈ మధ్యలో కెన్యా ఏనుగుల పని అయిపోవచ్చింది. 1970ల తొలినాళ్ళలో 1,60,000కు పైగా ఉన్నవి 1989 నాటికి 16,000కు పడిపోయాయి. ఆ ఏడాది జూలైలో అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ 12 టన్నుల దంతాలకు నిప్పుపెట్టాడు, అక్టోబరులో అంతర్జాతీయ దంతాల వ్యాపారంపై నిషేధం వచ్చింది. దంతం కోసం తల్లుల్ని కాల్చేసిన చోట మిగిలిన గున్నలు ఒకదాని వెనక ఒకటి నైరోబీ చేరాయి.

అక్కడి దినచర్య ఆయిషా పోయాక నేర్చుకున్న పాఠం మీద నడుస్తుంది. మూడు గంటలకోసారి పాలు, రాత్రీ అంతే. గున్న తొండంతో పాలు తాగదు, నోటితోనే తాగుతుంది. తాగేటప్పుడు తొండాన్ని తల్లి కడుపుకు ఆనించుకుంటుంది, ఆసరా దొరక్కపోతే తల అటూ ఇటూ తిప్పుతుంది కానీ నోరు పెట్టదు. అందుకని దుప్పటి ఒకటి వేలాడదీస్తారు. కాపరి దాని వెనక నిలబడి, కింద నుంచి సీసా అందిస్తాడు. పసిగున్నకు తొండం ఇంకా స్వాధీనంలో ఉండదు, దాన్ని కాలితో తొక్కుకుంటుంది, నిద్రొస్తే దాని కొస నోట్లో పెట్టుకుని చీకుతుంది. చెవుల వెనక చర్మం గులాబీ రంగులో పల్చగా ఉంటుంది. మందలో అయితే తల్లి కడుపు కింద నీడ ఉంటుంది, ఇక్కడ ఎండకు గొడుగు పట్టాలి, చెవులకు లేపనం రాయాలి, నైరోబీ చలికి ఒంటికి దుప్పటి కట్టాలి. రాత్రి కొట్టంలో కాపరి గున్నతోపాటే పడుకుంటాడు. ఎత్తుగా కట్టిన మంచం మీద అతను, కింద గడ్డిలో గున్న. ఆకలైతే తొండం పైకి చాచి దుప్పటి లాగేస్తుంది. ఏ రాత్రికారాత్రి కాపరి మారతాడు. ఏ గున్నా ఒక్కరికే అతుక్కుపోకూడదు, అదీ నియమం.

ఈ తోడు సంగతి అక్కరలేని ముచ్చట అనుకునేవాళ్ళు దక్షిణాఫ్రికా కథ వినాలి. క్రూగర్ వనంలో ఏనుగులు ఎక్కువైపోయాయని పెద్దవాటిని చంపించి, మిగిలిన పిల్లల్లో కొన్నింటిని పిలానెస్‌బర్గ్ అనే కొత్త వనానికి తరలించారు. తిండికి లోటు లేదు, గున్నలు బాగానే పెరిగాయి. 1990లకు వచ్చేసరికి అందులోని కుర్ర మగ ఏనుగులు మదమెక్కి తెల్ల ఖడ్గమృగాల మీద పడ్డాయి. అయిదారేళ్ళలో 40కి పైగా ఖడ్గమృగాలను చంపేశాయి. 1998లో క్రూగర్ నుంచి ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి వదిలారు. పెద్దతలలు కనబడగానే కుర్రవాటి మదం అణిగింది, చావులు ఆగిపోయాయి.

సావోలో ఆ పెద్దరికం ఎలినార్ చేసింది. తనకంటూ పిల్లలు లేకపోయినా వచ్చిన ప్రతి గున్నకూ పెద్దదిక్కైంది. ఈరోజుకీ పద్ధతి అదే: నైరోబీలో పాలవయసు గడిచిన గున్నలను సావోలోని వోయికో ఇథుంబాకో, కిబ్వేజి అడవిలోని ఉమానీకో పంపుతారు. అక్కడ ముందే పెరిగిన అనాథలు వాటిని చేరదీస్తాయి. పగలు కాపరులతో అడవిలో తిరగడం, రాత్రి సింహాల భయానికి దొడ్డికి రావడం. కొన్నేళ్ళకు ఒక రాత్రి రావు. తర్వాత రెండు రాత్రులు రావు. అడవి మంద వెంట పోయినవాటిని ఎవరూ వెతకరు. అడవిపాలైన ఎమిలీ 2008లో ఈవ్ అనే పిల్లను కని, వోయి కాపరులకు చూపించడానికన్నట్టు తీసుకొచ్చింది. ఒంట్లో విషపు బాణం దిగితే పాత దొడ్డికి నడిచొచ్చి నిలబడ్డ ఏనుగులూ ఉన్నాయి. ఇప్పటిదాకా 300కు పైగా గున్నలను పెంచారు. డాఫ్నీ 2018లో చనిపోయింది, కూతురు ఏంజెలా నడుపుతోంది.

శ్రీలంక ప్రభుత్వం ఈ పని నైరోబీ కంటే ముందే మొదలెట్టింది. 1975లో పిన్నవలలో 25 ఎకరాల కొబ్బరితోటలో అయిదు గున్నలతో అనాథాశ్రమం పెట్టారు. పక్కనే మహా ఓయ ఏరు. యాత్రికులు టికెట్టు కొని సీసాతో పాలు పట్టవచ్చు, ఏట్లో స్నానం చూడవచ్చు. అక్కడే పిల్లలు పుట్టాయి, మంద పెరిగింది, అడవికి మాత్రం పోలేదు. అనాథల పేరు మీద నడిచే జూ అని దాన్ని విమర్శించేవాళ్ళతో నాకు పేచీ లేదు. 1995లో అదే దేశం ఉడవలవలో ఇంకోటి తెరిచి తప్పు దిద్దుకుంది. చూడవచ్చినవాళ్ళు దూరంగా నిలబడి చూడాలి, ముట్టుకోకూడదు. ఎదిగిన గున్నలను గుంపులుగా అభయారణ్యాల్లో వదులుతారు. అలా నూటికి పైగా వెళ్ళిపోయాయి.

మన దేశంలో 2002లో అస్సాంలోని కాజిరంగా పక్కన అటవీశాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా కలిసి పెట్టిన కేంద్రం ఉడవలవ దారిలోనే నడుస్తోంది. వరదల్లో కొట్టుకొచ్చిన గున్నలను, తేయాకు తోటల కాలవల్లో పడ్డవాటిని పెంచి మానస్ అడవికి తరలిస్తుంది. తమిళనాడులో ముదుమలైలోని తెప్పకాడు మాత్రం పాత మావటుల శిబిరం. కలప లాగే ఏనుగుల కోసం పుట్టింది.

దాన్ని ప్రపంచానికి చూపించిన రాత్రి తెలుగువాళ్ళకూ గుర్తుంటుంది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిన వేదిక మీదే కార్తికీ గొన్సాల్వెస్ తీసిన డాక్యుమెంటరీ ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కూ వచ్చింది. అందులో కనబడేది తెప్పకాడులోని కాట్టునాయకన్ తెగ దంపతులు బొమ్మన్, బెల్లి, వాళ్ళు పెంచిన గున్న రఘు. రఘు తల్లి కరెంటు తగిలి చచ్చిపోయింది హోసూరు వైపు, అంటే మన కుప్పం అడవికి పక్కనే. 1980లలో చిత్తూరు జిల్లాకు ఏనుగులు నడిచొచ్చింది ఆ తమిళ, కన్నడ అడవుల నుంచే. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

ఆస్కార్ వచ్చిన ఆ మార్చిలోనే ధర్మపురిలో ఒక గున్న బావిలో పడింది. పైకి తీశారు, మందతో కలపబోయారు, కుదరలేదు. తెప్పకాడుకు తెచ్చి బొమ్మన్‌కే అప్పగించారు. విరేచనాలు పట్టుకుని నెలాఖరుకు చచ్చిపోయింది. కొబ్బరి కిటుకు తెలిసి నలభై ఏళ్ళు దాటినా, తల్లిపాలు అందక నీరసించిన పసిగున్నను బతికించడం ఇంకా గాలిలో దీపమే.

అందుకే ఇప్పుడు అటవీశాఖ పశువైద్యులు సీసా జోలికి పోకముందు మందను వెతుకుతారు. అదే ఏడాది డిసెంబరులో ఆనైమలైలో తప్పిపోయిన గున్నను స్నానం చేయించి, మనిషి వాసన పోయేలా ఒంటికి బురద పూసి, డ్రోనుతో మంద జాడ తీసి తల్లి దగ్గరికి చేర్చారు. తల్లే లేని గున్నలకు తెప్పకాడే దిక్కు. ఆ శిబిరంలో పెద్దవైన ఏనుగులకు పొద్దున ఏట్లో స్నానం, రాగి ముద్దలు, ఉలవలు, బెల్లం, మధ్యాహ్నం మావటితో అడవిలో మేత. అవి చేసే ఉద్యోగం కుమ్కీ. పొలాల మీదికి వచ్చిన అడవి ఏనుగులను కరెంటు తీగ దాకా రాకుండా వెనక్కి తరమడం.