పేద ముద్దాయి వకీలు పుట్టుపూర్వోత్తరాలు

సుప్రీంకోర్టు పుట్టిన తొలి ఏడాదిన్నరలో వెలువడిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది. మొదటిది 1950 డిసెంబరు 4 నాటిది. షోలాపూర్‌లో అందరూ జూనీ మిల్లు అని పిలిచే షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ 1949 ఆగస్టులో మూతపడింది. వేలమంది వీధిన పడ్డారు. 1950 జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి మిల్లు నిర్వహణను తన చేతిలోకి తీసుకుంది. దాంతో చిరంజిత్ లాల్ చౌధరి అనే వాటాదారు తన ప్రాథమిక హక్కులకు భంగం కలిగిందంటూ ఢిల్లీ దాకా వెళ్ళాడు. అయిదుగురు న్యాయమూర్తులు విన్నారు. ముగ్గురు కాదన్నారు, ఇద్దరు అవునన్నారు. అతను ఓడిపోయినా అతని వాదనలోని ప్రతి మడతనూ విప్పి చూశారు. నాలుగు నెలలు తిరగకముందే, 1951 మార్చి 16న, రెండో తీర్పు వచ్చింది. అది జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం కేసు. తెలంగాణ సాయుధ పోరాటంలో పట్టుబడి, ప్రత్యేక ట్రిబ్యునళ్ళ చేతిలో ఉరిశిక్ష పడ్డ రైతులు, కార్యకర్తలు అందులో పిటిషనర్లు. విచారణలో మాకు వకీలు లేడు, పెట్టుకునే అవకాశమూ ఇవ్వలేదు అన్నది వాళ్ళ ఫిర్యాదుల్లో ఒకటి. ఉరిశిక్ష పడగల కేసులో ముద్దాయికి వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లదని సూత్రంగా చెప్పలేమని కోర్టు తేల్చింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ ఫజల్ అలీ. మిల్లు కేసులో వాటాదారు హక్కులను వివరంగా తర్కించిన వాళ్ళలో ఆయనా ఒకరు.

ఈ రెండు కేసులకూ షోలాపూర్ నేత పేటల్లో ముడి ఉంది. మూతపడ్డ మిల్లులో పనిపోయిన వాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు. కరీంనగర్, నల్గొండ, వరంగల్ ప్రాంతాల నుంచి బతుకుతెరువుకు వచ్చిన పద్మశాలీలు. ఉరికంబం నీడలో నిలబడ్డ వాళ్ళూ ఆ నల్గొండ వైపు నుంచే. ఒకే నేల నుంచి ఒకరు మగ్గం వైపు వచ్చారు, ఒకరు బందూకు వైపు వెళ్ళారు. ఇద్దరి బతుకులూ చట్టం పుస్తకాల్లోకి ఎక్కాయి. కాకపోతే మిల్లు కథలో పేరు మిగిలింది వాటాదారుది. జూనీ మిల్లు కార్మికుడి తరఫున ఎవరైనా ఆ న్యాయమూర్తుల ముందు నిలబడి ఉంటే ప్రశ్నే మారిపోయేది. ఆ తర్వాత ద్వారకాదాస్ శ్రీనివాస్ అనే మరో వాటాదారు ఇదే మిల్లు మీద మళ్ళీ సుప్రీంకోర్టుకెక్కి 1953 డిసెంబరులో గెలిచాడు కూడా. ఆస్తికి రెండుసార్లు మంచి వకీళ్ళు దొరికారన్న మాట.

1951 కేసును ఇంకాస్త తవ్వాలి, ఎందుకంటే అసలు సమస్య పేరు అక్కడే దొరుకుతుంది. ఆ పిటిషనర్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించింది డి.ఎన్. ప్రిట్. 1931లో హాంకాంగ్‌లో పట్టుబడ్డ హో చి మిన్ అప్పీలును లండన్‌లో చేపట్టింది ఆయనే. తర్వాత కెన్యాలో జోమో కెన్యాటా కోసం నిలబడిందీ ఆయనే. తోడుగా డేనియల్ లతీఫీ ఉన్నాడు. అంటే ట్రిబ్యునల్ ముందు వకీలే లేని మనుషులకు, ఉరి ఖాయమయ్యాక ప్రపంచంలోనే పేరున్న వకీలు దొరికాడు. ఆ దొరకడం వెనక పార్టీ ఉంది, ఉద్యమం ఉంది, బయటి దేశాల్లో కదిలిన మనసులున్నాయి. చివరికి ఆ శిక్షలు యావజ్జీవంగా మారడంలోనూ ఆ ఒత్తిడికి పాత్ర ఉంది. కానీ సాక్షిని నిలదీయాల్సింది మొదటి కోర్టులో. అక్కడ జారిపోయిన ప్రశ్నను పై కోర్టులో ఎంత మేధావి అయినా తిరిగి అడగలేడు. కోర్టు ఏమన్నా, పేదవాడికి వకీలు కావాలా వద్దా అన్నది ఆ అనుభవమే తేల్చేసిన మాట. తేలనిది, ఎప్పుడు ఇవ్వాలి, ఎవరు పెట్టాలి, ఆ వకీలు సరిగా పని చేస్తున్నాడో లేదో ఎవరు చూడాలి అన్నది. నా వాదన ఇదే: మన దేశంలో మొదటి ప్రశ్నకు జవాబు ఆలస్యంగానైనా దొరికింది. మూడోదాన్ని ఇప్పటికీ తప్పించుకు తిరుగుతున్నాం.

వెనక్కి వెళ్తే ఎక్కువ దూరం లేదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ముద్దాయికి వకీలును పెట్టుకునే హక్కు ఇచ్చింది. ఆ వకీలు ఫీజు మాత్రం ముద్దాయి జేబులోంచే రావాలి. షోలాపూర్‌లోనే అంతకన్నా చీకటి మూల ఒకటుండేది. నేర జాతుల చట్టం కింద ముళ్ళకంచె వేసి కట్టిన సెటిల్‌మెంటు అది. అక్కడి మనుషులు పగలు మిల్లుల్లో, తెలుగు నేతగాళ్ళ పక్కనే పని చేసి, రాత్రికి హాజరు వేయించుకోవాలి. ఒక కులాన్ని నేర జాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ కోర్టులోనూ సవాలు చేయకూడదని చట్టమే చెప్పింది. వకీలు దొరికినా వాదించడానికి చోటు లేని ఈ ఏర్పాటు దేశంలో 1952 ఆగస్టు దాకా నడిచింది. 1930 మేలో సైనిక శాసనం వచ్చినప్పుడు ఊరంతా కొన్ని వారాలు అలాంటి స్థితిలోనే ఉంది. అప్పటి అల్లర్ల కేసులో మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సార్డాలను 1931 జనవరి 12న యరవాడ జైలులో ఉరి తీశారు. ఊరు వాళ్ళను నలుగురు హుతాత్ములుగా గుర్తు పెట్టుకుంది. సైనిక కోర్టుల్లో చిన్న చిన్న శిక్షలు పడ్డవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తు లేవు. వకీలు లేకపోవడం ఎక్కువగా కాటేసేది ఇలాంటి చిన్న శిక్షల దగ్గరే.

పోగొట్టుకున్నదేమిటో చెప్పాలంటే 1949కి రావాలి. మిల్లు మూతపడ్డ ఆ సంవత్సరమే బొంబాయి ప్రభుత్వం జస్టిస్ ఎన్.హెచ్. భగవతి అధ్యక్షతన న్యాయ సహాయ కమిటీ వేసింది. షోలాపూర్ అప్పుడు బొంబాయి రాష్ట్రంలోదే. తాలూకా నుంచి రాష్ట్రం దాకా నాలుగు అంచెల యంత్రాంగం ఉండాలని ఆ కమిటీ చెప్పింది. అది అమలైతే రిమాండు నాడే వకీలు అడిగే చోటు తాలూకాలోనే ఉండేది. డబ్బు లేదని పక్కన పెట్టేశారు. ఇరవై ఏళ్ళ తర్వాత గుజరాత్‌లో అలాంటి కమిటీకే అధ్యక్షుడైన పి.ఎన్. భగవతి ఆయన కొడుకే. తండ్రి నివేదిక అటకెక్కింది, కొడుకు చేతికి సుప్రీంకోర్టు కలం వచ్చింది. 1976లో ఉచిత న్యాయ సహాయం గురించిన రాజ్యాంగం 39ఎ అధికరణం, 1978లో మహారాష్ట్ర నుంచే వెళ్ళిన హోస్కాట్ కేసులో కృష్ణయ్యర్ తీర్పు, 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు తీర్పు వరుసగా వచ్చాయి. మేజిస్ట్రేటు ముందు మొదటిసారి నిలబెట్టిన రోజు నుంచే వకీలు ఇవ్వాలని 1981లో ఖత్రీ కేసు చెప్పింది. ముద్దాయి అడగలేదన్న సాకు పనికిరాదని 1986లో సుక్ దాస్ కేసు చెప్పింది. 1951 తీర్పు పేరుకు అలాగే ఉన్నా, దాని ప్రాణం పోయింది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చాక జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఏర్పడ్డాయి. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళ అయితే చాలు, ఆదాయం అడగకుండా వకీలును ఇవ్వాలి. షోలాపూర్ బీడీ కార్మికురాలికి అది పెద్ద అండ. పారిశ్రామిక కార్మికుడూ ఆ జాబితాలో ఉన్నాడు. కానీ కారఖానాలో గజాల లెక్కన కూలి తీసుకునే పవర్‌లూమ్ నేతగాడికి నియామక పత్రం ఉండదు. తాను కార్మికుణ్ణని రుజువు చేసుకోవడానికే అతనికి ముందొక వకీలు కావాలి.

2022లో మరో మార్పు వచ్చింది. కేసుకింత అని చాలీచాలని ఫీజు తీసుకునే ప్యానెల్ వకీళ్ళ స్థానంలో, పూర్తికాలం జీతం మీద పనిచేసే డిఫెన్స్ కౌన్సెల్ విధానాన్ని జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తెచ్చింది. ఇది మంచి అడుగే. లాస్ ఏంజెలెస్ కౌంటీ ఈ పనిని 1914లోనే మొదలుపెట్టింది. అంతకు ఇరవై ఏళ్ళ ముందే క్లారా ఫోల్ట్జ్ అనే మహిళా న్యాయవాది షికాగోలో దీని కోసం వాదించింది. అక్కడ అది స్థానిక ప్రభుత్వం పని. ఇక్కడ నగరపాలిక నీళ్ళిస్తుంది, దీపాలు పెడుతుంది గానీ వకీలు మాట దాని పరిధిలో లేదు. జిల్లా ప్రధాన న్యాయమూర్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అధ్యక్షుడు. వకీళ్ళ కాంట్రాక్టు, పనితీరు చూసేదీ ఆ సంస్థే. న్యాయమూర్తితో గట్టిగా తలపడాల్సిన వకీలు ఉద్యోగం ఆ న్యాయమూర్తి సంస్థ చేతిలోనే ఉంటుంది. ఏ న్యాయమూర్తి కక్ష కడతాడని కాదు. కట్టకపోయినా, కడతాడేమోనన్న జంకు చాలు, అడగాల్సిన ఒక ప్రశ్న ఆగిపోతుంది.

అయితే ఈ పని నగరపాలికకు ఇద్దామంటే దానికి బలమైన అభ్యంతరమే ఉంది. వకీళ్ళను కార్పొరేటర్ల చేతిలో పెడితే, వార్డు రాజకీయం వకాలత్‌నామాలోకి వస్తుంది. సమ్మెలో పట్టుబడ్డ కూలీకి, కారఖానా యజమానితో భోజనం చేసే నాయకుడు వకీలును ఎంచుతాడా? ఎంచకూడదు. అమెరికా కౌంటీల్లో కూడా బడ్జెట్ బిగించి డిఫెన్స్ కార్యాలయాలను ఎండగట్టిన చరిత్ర ఉంది. కాబట్టి నేను అడిగేది నగరపాలికకు అప్పగించమని కాదు. నియామకం ఒక చేతిలో, పర్యవేక్షణ వేరే చేతిలో ఉండాలని. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. జిల్లా సంస్థలో న్యాయమూర్తి కాక ఇతర సభ్యులను హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేయొచ్చని 1987 చట్టంలోనే ఉంది. జాతీయ సంస్థ 2010 నిబంధనల్లో కేసుల పురోగతిని గమనించే కమిటీ ఏర్పాటూ ఉంది. జిల్లా సంస్థ సభ్యుల కుర్చీల్లో కార్మిక సంఘం మనిషిని, బీడీ మహిళల ప్రతినిధిని, తెలుగూ మరాఠీ రెండూ వచ్చిన మనిషిని కూర్చోబెట్టవచ్చు. కిందికోర్టు మరాఠీలో నడిచే ఊళ్ళో, ఇంట్లో తెలుగే మాట్లాడే ముద్దాయి సాక్ష్యం ఎంతవరకు అర్థం చేసుకున్నాడన్నది న్యాయమూర్తికి తెలియకపోవచ్చు, అలాంటి సభ్యుడికి తెలుస్తుంది. నేతగాళ్ళు కోర్టుకెళ్ళేది ఎక్కువగా బాకీలు, కూలి తగాదాల మీదే కదా, క్రిమినల్ కేసుల గురించి ఇంత గొడవ ఎందుకు అనేవాళ్ళూ ఉన్నారు. కూలి తగాదా సమ్మె అవుతుంది, సమ్మెలో తోపులాట అవుతుంది, తోపులాట కేసు అవుతుంది. ఆ తర్వాత బెయిలు దొరికేదాకా మగ్గం ఆగుతుంది, వారం కూలి ఆగుతుంది. ఆ సభ్యుల కమిటీ మొదట తెప్పించుకుని చూడాల్సింది రిమాండు రిజిస్టర్లే. మొదటి రోజు ముద్దాయి పక్కన వకీలు నిలబడ్డాడా, బెయిలు దరఖాస్తు ఎన్ని రోజులకు వేశాడు, ముద్దాయితో ఏ భాషలో మాట్లాడాడు అన్న వివరాలు నెలనెలా రాయించి, న్యాయమూర్తి లేని గదిలో చదవాలి.