తెలుగు పంచాంగం: లెక్క, లెక్కగాడు

పంచాంగం అనగానే ఉగాది శ్రవణం, ఆదాయ వ్యయాలు, కందాయ ఫలాలు గుర్తుకొస్తాయి. కానీ తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాల్లో జోస్యం ఒక్కటీ లేదు. వారం పోగా మిగతా నాలుగూ సూర్యచంద్రుల స్థానాల నుంచి గణించినవే. సూర్యుణ్ణి దాటి చంద్రుడు 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం మారుతుంటుంది గనుక అది 20 గంటలకే ముగియవచ్చు, 26 గంటలు దాటవచ్చు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు తీరంలో ఈ లెక్కకు సముద్రమే సాక్షి: పున్నమి, అమావాస్యల ప్రాంతంలో పోటు పెరుగుతుంది, అష్టమి దాపుల్లో సన్నగిల్లుతుంది. రొయ్య పెంకు విడిచే అదను కోసం రైతు చూసేదీ ఆ తిథులనే. రొయ్యకు రాశి లేదు మరి.

పంచాంగకర్త మొదట గణకుడు, ఆ తర్వాతే ఫలం చెప్పేవాడు. 1825లో పుదుచ్చేరిలో ఒక తమిళ పంచాంగకర్త కంఠస్థమైన సూత్రాలతో, నేలమీద గవ్వలు పేర్చి చంద్రగ్రహణాన్ని గణించిన తీరును ఖగోళ పరిశీలకుడు జాన్ వారెన్ ‘కాలసంకలితం’లో నమోదు చేశాడు. గ్రహణం పట్టే స్పర్శకాలంలో తేడా 4 నిమిషాలే. విడిచే మోక్షకాలానికి అది 52 నిమిషాలైంది. పాత సూత్రాల బలమూ, బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి. వాటిని ఆకాశంతో సరిచూడాలని మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు దృగ్గణితాన్ని ప్రతిపాదించారు. 1867లో ఒక చరనక్షత్రాన్ని కనుగొన్నవారాయన.

రెండు పంచాంగాలు ఒకే పండుగను రెండు రోజుల్లో చూపితే ఇక ఇది శాస్త్రమేమిటని ఆక్షేపణ. పాత సూర్యసిద్ధాంత గణితం ఒకరిది, దృగ్గణితం మరొకరిది కావడం, ధర్మశాస్త్ర నిర్ణయాలు వేరు కావడం ఇందుకు ప్రధాన కారణాలు. లెక్క లేకపోవడం కాదు. ఈ చిక్కు విప్పడానికే 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన సంఘం ఏర్పడింది, 1957 మార్చి 22న జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. పండుగలు మాత్రం పాత దారినే నడిచాయి. కొనేవారు ఫలాల కోసమే కొంటారన్న మాటా నిజమే. ఫిలడెల్ఫియాలో 1732 నుంచి బెంజమిన్ ఫ్రాంక్లిన్ అచ్చువేసిన పంచాంగానికీ చమత్కారపు మాటలే గిరాకీ తెచ్చాయి. అయినా సూర్యోదయాలు, గ్రహణాలు లేకుండా అది వెలువడలేదు. ఏది అమ్ముడుపోయింది, ఏది నిలబెట్టింది అన్నవి వేర్వేరు ప్రశ్నలు.

స్థలాన్ని విడిచి ఈ లెక్క లేదు. ఉగాది వేళల్లో ముత్తుకూరులో సూర్యుడు హైదరాబాదు కన్నా అయిదారు నిమిషాలు ముందే ఉదయిస్తాడు. రోజు తిథిని నిర్ణయించేది సూర్యోదయం గనుక, ఆ సందులో తిథి మారిందా, రెండు ఊళ్లలో ఆ రోజు తిథి రెండుగా ఉంటుంది.