బండిలో ఇల్లు: మన పెద్దల బిడారు నుంచి నేటి వ్యాను దాకా



మన సంఘం వ్యాను గురించి రెండు వారాలుగా గుంపులో మాట నడుస్తోంది. అన్నదానం బియ్యం, పందిరి సామాను మోసే ఆ పాత వ్యానును చిన్న ఇల్లు మాదిరి మార్చి, అందులోనే పడుకుంటూ, దారిలో వండుకుంటూ, హోసూరు నుంచి కోవిల్‌పట్టి దాకా మన తెలుగు ఊర్లు చుట్టి వద్దామని పిల్లలు అడుగుతున్నారు. "ఇదంతా తెల్లదొరల వేషం, మనకెందుకు?" అని కొందరు పెద్దలు అన్నారు. మేము ఏండ్ల తరబడి రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం. చక్రాల మీద ఇల్లు ఎవరి వేషమో, ఎవరి బతుకో చరిత్రలో చూసి చెప్దామని ఈ వ్యాసం. కొంచెం పొడుగు. కాఫీ పెట్టుకుని చదవండి.

మొదట ఆ మాట సంగతి. 'వ్యాన్' అనేది ఒక పెద్ద మాట తోక. పారశీకంలో 'కార్వాన్' అంటే దారి వెంబడి కలిసి పోయే వర్తకుల గుంపు. అది ఐరోపాకు పోయి 'కారవాన్' అయింది. ఇంగ్లీషువాళ్ళు దాని తల తీసేసి 'వ్యాన్' అన్నారు. మా గూడ్సు రైలు చివర ఉండే బ్రేక్ వ్యాన్‌లో ఉన్నదీ ఆ తోకే. మన తెలుగులో దీనికి సొంత మాట ఉంది: బిడారు. ఎడ్ల మీద సరుకు వేసుకుని, రాత్రికి ఒకచోట దిగి, పొద్దున్నే మళ్ళీ కదిలే గుంపు బిడారు. మాటే ఉందంటే, ఆ బతుకూ మనకు ఉండేదని అర్థం.

గూడు బండిని ఎంతమంది చూసినారు? తమిళ మీడియంలో చదివినవాళ్ళం కాబట్టి మాకు 'కూండు వండి' అనే మాట ముందు నోటికి వస్తుంది. వెదురు బద్దలు వంచి, పైన చాప కట్టి, లోపల మనిషి కాళ్ళు చాపి పడుకునేంత చోటు. దాని ఏర్పాటు గమనించండి. కింద పరచిన వరిగడ్డి మనిషికి పరుపు, తెల్లారితే ఎద్దుకు మేత. లాంతరు లోపల కాదు, బండి కింద వేలాడుతుంది. దారి కనిపిస్తుంది, గడ్డికి నిప్పు అంటుకోదు. ఇరుసుకు పూసే కందెన ఒక గొట్టంలో పక్కనే కట్టి ఉంటుంది. పొయ్యి బండిలో పెట్టరు. దిగినచోట మూడు రాళ్ళే పొయ్యి. కులదైవం గుడికి మూడు నాలుగు దినాల ప్రయాణం కట్టిన కుటుంబాలు ఇట్లనే పోయి వచ్చినాయి. ఈ ఏర్పాటునంతా గుర్తుపెట్టుకోండి, చివర పనికి వస్తుంది.

మనం ఈ తమిళ దేశానికి వచ్చింది కూడా దారి పట్టే కదా. విజయనగర కాలంలో, 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైకి వచ్చినప్పటి నుంచి, ఆ ముందూ వెనుకా కూడా, సైన్యంతో కొందరు, మందలతో కొందరు, నేలను వెతుక్కుంటూ కొందరు దక్షిణానికి దిగినారు. మన కంబళత్తారు చెప్పుకునే కత ఒకటుంది. తురకల దండు వెంట తరుముతుంటే ముందు నిండు ఏరు అడ్డం వచ్చింది. ఆ ఒడ్డున ఒకటి, ఈ ఒడ్డున ఒకటి ఉన్న కానుగ చెట్లు వంగి వంతెన అయినాయి. జనం దాటినారు. అందుకే ఆ చెట్టు వాళ్ళకు పవిత్రం. కత కతగానే ఉండనీ. కానీ ఆ కతలో ఇల్లు ఎక్కడుంది? మందలో ఉంది, మూటలో ఉంది, నడిచే జనంలో ఉంది. మనలో చాలామందికి తొలి ఇల్లు కదిలే ఇల్లే.

మరి ఇది తెల్లదొరల వేషం ఎప్పుడైంది? గోర్డన్ స్టేబుల్స్ అనే ఆయన ఇంగ్లండు నౌకాదళంలో వైద్యుడు. ఉద్యోగం విడిచినాక పిల్లలకు సాహస కతలు రాసేవాడు. 1885లో బ్రిస్టల్‌లోని ఒక బండ్ల కార్ఖానాలో తనకోసం ఒక ఇల్లు-బండి చేయించుకున్నాడు. పేరు 'వాండరర్', అంటే తిరుగుబోతు. రెండు గుర్రాలు లాగేవి. దారిలో జనాన్ని, బండ్లను హెచ్చరించడానికి ఒక నౌకరు మూడు చక్రాల సైకిలు మీద ముందు పోయేవాడు. ఇంగ్లండు దక్షిణం నుంచి స్కాట్లండులోని ఇన్వర్‌నెస్ దాకా దాదాపు 1300 మైళ్ళు పోయి, మరుసటి ఏడు దాని మీద పుస్తకం వేసినాడు. విలాసం కోసం కట్టిన తొలి ఇల్లు-బండి అని దాన్నే చెప్తారు. 1907లో అక్కడ కారవాన్ క్లబ్బు కూడా వచ్చింది.

ఆ ఊహ ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? అదే దారుల్లో తరతరాలుగా బండ్లలో కాపురం ఉన్న జిప్సీల నుంచి. తనను తాను 'పెద్దమనిషి జిప్సీ' అని చెప్పుకున్నాడు కూడా. సరిగ్గా ఆ 1880లలోనే అసలు జిప్సీల బండ్లను అదుపు చేయాలని ఇంగ్లండు పార్లమెంటుకు బిల్లులు పోతున్నాయి. దొర బండిలో ఉంటే విహారం. జిప్సీ బండిలో ఉంటే నేరం. ఈ రెండు తూనికలు అక్కడితో ఆగలేదు. మన దేశానికీ వచ్చినాయి.

ఇక్కడ మా రైలు సంగతి చెప్పాలి. దక్షిణంలో తొలి ప్రయాణికుల రైలు 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. ఈ దక్షిణపు లైన్ల మట్టికట్టలు ఎవరు వేసినారు? చాలావరకు మన ఒడ్డెవాళ్ళు. మట్టి ఒడ్డెలు, రాతి ఒడ్డెలు. ఇక్కడ ఇప్పుడు బోయర్ అంటారు. గాడిదలతో, గునపాలతో, పెండ్లాం బిడ్డలతో వచ్చి, పని ఉన్నంత కాలం లైను పక్కన గుడిసె, పని ముగిస్తే గుడిసె చుట్టి ముందుకు. మూడు తరాలకు జీతం, పింఛను ఇచ్చిన ఆ పట్టాల కింద వాళ్ళ చెమట ఉంది.

ఆ రైలే ఇంకొందరి నోటికాడి కూడు తీసింది. లంబాడీలు ఎడ్ల మీద, ఎరుకలవాళ్ళు గాడిదల మీద, ఎడ్ల మీద తీరం ఉప్పును లోపలి ఊర్లకు, అక్కడి ధాన్యాన్ని ఇటు మోసేవాళ్ళు. గూడ్సు వ్యాగన్ అదే ఉప్పును అగ్గువగా, తొందరగా తెచ్చింది. బిడారుకు పని లేకపోయింది. పని లేని బిడారు దారిలో కనబడితే సర్కారుకు అనుమానం. 1871లో ఉత్తర దేశంలో నేర జాతుల చట్టం వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ అది చేరింది. మనిషి తప్పు చేసినాడా లేదా అని చూడలేదు, జాతినే పట్టికకెక్కించినారు. పోలీసు దగ్గర పేరు నమోదు, హాజరు, ఊరు దాటితే చీటీ. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఏర్పడింది ఎరుకలవాళ్ళను ఒకచోట ఉంచడానికే. కదిలేవాడిని కదలకుండా చేయడమే ఆ చట్టం పని.

దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. కానీ పట్టిక మిగిలింది. తమిళనాడు సర్కారు 'సీర్‌మరబినర్' పట్టిక తీసి చూడండి. బోయలు, ఒడ్డర్లు, జోగులు, కొరవలు ఉన్నారు. కొన్ని జిల్లాల తొట్టియ నాయక్కర్లు, అంటే మన రాజకంబళత్తారు, ఎర్రగొల్లలు కూడా ఉన్నారు. సర్టిఫికెట్టు కోసం మన పిల్లలు ఆ పేరు రాసేటప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకు తెలియాలి. ఏరు దాటి వచ్చిన బిడారు పేరు అది.

అదే కాలంలో రైల్వే తన చక్రాల మీద ఎన్నో ఇండ్లు కట్టింది. పెద్ద ఆఫీసరుకు సెలూన్: పడకగది, స్నానాలగది, వంటగది, వంటవాడికి మూల. లైను మీద, వంతెనల మీద పని చేసే గ్యాంగులకు క్యాంపు డబ్బా. ఈ క్యాంపు డబ్బా ఎట్లా పుట్టేదో రైల్వేవాళ్ళకు తెలుసు. వయసైపోయిన ప్రయాణికుల పెట్టెను తెచ్చి, సీట్లు పీకి, చెక్క పడకలు, ఒక వంటమూల, నీళ్ళ తొట్టి వేస్తారు. పాత బండిని ఇల్లు చేయడమంటే ఇదే కదా! ఏ వీడియో చూసి చేసింది కాదు. పాత రాజుల సెలూన్లతోనే 1982 జనవరి 26న 'ప్యాలెస్ ఆన్ వీల్స్' మొదలైంది. ఇప్పుడు సినిమావాళ్ళ కారవాన్లు, 2021లో కేరళ సర్కారు తెచ్చిన కారవాన్ పర్యాటక విధానం దాకా వచ్చినాము.

వ్యాను కతలో ఇంకొక మెట్టు జర్మనీలో ఉంది. ఫోక్స్‌వాగన్ వ్యాను 1950లో తయారీకి వచ్చింది. మరుసటి ఏడే వెస్ట్‌ఫాలియా అనే బండ్ల కంపెనీ దానికి ఒక 'క్యాంపింగ్ పెట్టె' చేసింది. ఆ పెట్టె లోపల పెడితే పడక, అలమర. తీసేస్తే మళ్ళీ సరుకు బండి. వారమంతా పని, సెలవు దినాన ఇల్లు. యుద్ధం తరువాత రెండు బండ్లు కొనలేని జనానికి సరిపోయిన తెలివి అది. మనకు కావలసిందీ అదే అని మా అభిప్రాయం.

వ్యాను పనికి పోయే ముందు ఒక మాట. పోయిన నెల ఒకే దినం మన గుంపులో రెండు పోస్టులు వచ్చినాయి. ఒకటి, ఎవరో వ్యానును ఇల్లు చేసుకున్న వీడియో. దానికి అందరూ చప్పట్లు కొట్టినారు. రెండోది, మండపం పక్క ఖాళీ స్థలంలో చిన్న లోడు ఆటో, దాని మీద టార్పాలిన్, కింద ఒక కుటుంబం. 'మన మండపానికి అసహ్యం, పోలీసుకు చెప్పి లేపించండి' అని దాని కింద రాసినారు. మేము పోయి మాట్లాడినాము. రోళ్ళు, అమ్మిరాళ్ళు కొట్టి అమ్ముకునేవాళ్ళు. తెలుగే మాట్లాడినారు. మన పిల్లల కంటే మంచి తెలుగు. వాళ్ళకు కావలసింది ఒకటే అడిగినారు: కుళాయి నుంచి రెండు బిందెల నీళ్ళు. తెలుగు ఊర్లు వెతకడానికి వ్యాను కట్టుకుని పోవాలని మనం అనుకుంటున్నాము; ఆ తెలుగు బండి కట్టుకుని మన గోడ పక్కకే వచ్చింది. దాన్ని లేపించి మనం ఎక్కడికి బయలుదేరుతాము?

ఇప్పుడు వ్యాను. చట్టం మొదట. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి. బుక్కులో ఉన్న వివరాలు, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. ఆర్.టి.ఓ. ఆఫీసులో అడిగిన తరువాతే సీటు బోల్టు విప్పాలి. జర్మనీ పెట్టె మాదిరి తీసి పెట్టే పడక-పెట్టెలు చేయిస్తే అన్నదానం బియ్యానికీ వ్యాను మిగులుతుంది. కానీ అవి నేలకు గట్టిగా బిగించాలి. బ్రేకు పడితే వదులుగా ఉన్న పెట్టె మనిషి మీదికి వస్తుంది.

బరువు రెండోది. ప్రతి వ్యాగన్ పక్కన ఖాళీ బరువు, మోసే బరువు రాసి ఉంటాయి. మన ఆర్.సి. బుక్కులోనూ ఉంటాయి. పెట్టెలు, మనుషులు, నీళ్ళు అన్నీ కూడి లెక్క కట్టండి. లీటరు నీళ్ళు కిలో; ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగంటే 80 కిలోలు. వాటిని కిందుగా, ముందు వెనుక ఇరుసుల నడుమ పెట్టాలి.

మూడోది ఎండ. పరదేశపు వీడియోలన్నీ చలి గురించే. మనకు మధ్యాహ్నం రేకు కాలుతుంది. పైకప్పుకు తెల్ల రంగు, లోపల వేడి ఆపే పలక, ఎదురెదురు కిటికీలు, వాటికి దోమల వల. ఆపితే చింతచెట్టు కిందో, వేపచెట్టు కిందో.

మిగతాది గూడు బండి ఎప్పుడో చెప్పింది. పొయ్యి లోపల వద్దు. వెనుక తలుపు ఎత్తి బయటే వంట. దీపాలకు వేరే బ్యాటరీ, దానికి ఫ్యూజు. బండి స్టార్టు చేసే బ్యాటరీని తాకవద్దు. నిప్పు ఆర్పే సిలిండరు డ్రైవరు చేతికి అందేచోట ఉండాలి. ఒకే వస్తువు రెండు పనులకు రావాలి, గడ్డి మాదిరి. రెండో పని లేని వస్తువు ఇంట్లోనే ఉండనీ.

వచ్చే కూటంలో రెండు తీర్మానాలు పెట్టమని అడుగుతున్నాము. ఒకటి, పిల్లలకు వ్యాను ఇవ్వడం; పోయిన ప్రతి ఊర్లో పెద్దల దగ్గర వలస కత, బండి కత రికార్డు చేసుకుని రావాలనే షరతుతో. రెండు, మండపం బయట కుళాయి ఒకటి వేసి, బండితో వచ్చి దిగినవాళ్ళకు నీళ్ళు పట్టుకోనివ్వడం. రెండోదానికి ఖర్చు తక్కువ. మొదట అది చేద్దాము.

మీ ఇంట్లో తాత, అవ్వ చెప్పిన బండి కతలు, బండి సామాను పేర్లు కింద రాయండి. తెలుగులో రాసినా, తమిళ అక్షరాల్లో రాసినా చాలు. మేము చదివి చేర్చి పెడతాము.