కీళ్ళవాత వ్యాధులలో మింగుడు కష్టం

మింగుడు కష్టం (డిస్ఫేజియా) అనగా ఆహారం, నీరు లేదా మాత్రలు నోటి నుండి జీర్ణాశయానికి చేరడంలో కలిగే ఇబ్బంది. దీర్ఘకాలంగా రుమటాయిడ్ కీళ్ళవాతం, స్క్లీరోడెర్మా వంటి వ్యాధులున్న వృద్ధులలో ఇది కనిపిస్తుంది. వయసుతో మింగే వేగం కొంత తగ్గడం సహజమే. కానీ తరచు పొలమారడం, ముద్ద అడ్డుపడడం కేవలం వృద్ధాప్య లక్షణాలు కావు. ఇబ్బంది ఏ భాగంలో ఉందో తెలిస్తే కారణాన్ని గుర్తించడం సులభమవుతుంది.

కారణాలు

నోరు, దవడ: రుమటాయిడ్ కీళ్ళవాతం దవడ కీలుకు సోకితే నోరు తెరవడం, నమలడం కష్టమవుతాయి. షోగ్రెన్ సిండ్రోమ్‌లో లాలాజలం తగ్గి, పొడి ఆహారం నీరు లేనిదే దిగదు. స్వీడన్‌కు చెందిన కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో వర్ణించిన 19 మంది స్త్రీలలో 13 మందికి కీళ్ళ జబ్బు ఉంది.

గొంతు, మెడ: స్వరపేటికలోని చిన్న కీళ్ళు వాచినపుడు గొంతు బొంగురుపోయి, మింగేటపుడు నొప్పి కలుగుతుంది. మెడ పైభాగపు వెన్నుపూసలు పట్టు తప్పితే నాడులపై ఒత్తిడి పడవచ్చు. మయోసైటిస్‌లో గొంతు కండరాలు బలహీనపడతాయి.

అన్నవాహిక: స్క్లీరోడెర్మా అన్నవాహిక క్రింది మూడింట రెండు వంతుల భాగంలోని కండరాలను దెబ్బతీస్తుంది. ఆమ్లం పైకి ఎగదన్ని, కాలక్రమేణా అన్నవాహిక ఇరుకు కావచ్చు.

మందులు: మెథోట్రెక్సేట్ వలన నోటిపూత రావచ్చు. స్టీరాయిడ్ల వాడకంలో నోటిలోనూ, అన్నవాహికలోనూ బూజు తెగులు సోకవచ్చు. ఎముకల బలానికి వాడే అలెండ్రోనేట్, కొన్ని నొప్పి మాత్రలు అన్నవాహికలో నిలిచిపోతే పుండ్లు పడతాయి.

ప్రమాదాలు

ఆహారం శ్వాసనాళంలోకి జారితే న్యుమోనియా వస్తుంది. కొందరిలో దగ్గు రాకుండానే ఇలా జరుగుతుంది. తినడానికి భయపడి రోగి చిక్కిపోవడం, మాత్రలు మానివేయడం వలన కీళ్ళ వ్యాధి కూడా ముదురుతుంది.

నిర్ధారణ

ఘనాహారం మాత్రమే అడ్డుపడితే అన్నవాహిక ఇరుకైనట్లు అనుమానిస్తారు. నీరు త్రాగినపుడు పొలమారితే లోపం సాధారణంగా గొంతు దశలో ఉంటుంది. బేరియం ఎక్స్‌రే, ఎండోస్కోపీ, అన్నవాహిక పీడన పరీక్షలు ఉపయోగపడతాయి.

చికిత్స, జాగ్రత్తలు

మూలవ్యాధికి చికిత్సతో పాటు మింగే వ్యాయామాలు నేర్పుతారు. నిటారుగా కూర్చుని, చిన్న ముద్దలుగా, నెమ్మదిగా తినాలి. తల వెనక్కి వాల్చి, చెంబు ఎత్తి నీరు పోసుకొనే అలవాటు మానాలి. వ్రేళ్ళు వంకరపోయినవారికి వెడల్పు మూతి గల, రెండు పిడుల కప్పు అనువుగా ఉంటుంది. అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున గ్లాసు నిండా మంచినీటితో వేసుకుని, కనీసం 30 నిమిషాలు పడుకోరాదు. వైద్యుని అడగకుండా ఏ మాత్రనూ పొడి చేయరాదు.

ఊపిరి పీల్చేటపుడు గొంతులో కూత వినిపించినా, మింగుడు పూర్తిగా ఆగినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. 50 ఏళ్ళు దాటినవారికి నమిలేటపుడు దవడ నొప్పి, కణతల వద్ద కొత్తగా తలనొప్పి వస్తే అది జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ కావచ్చు. చికిత్స ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదముంది.